ప్రపంచ దురద మార్కెట్‌లో మా అత్తగారి వాటా

ప్రపంచ దీర్ఘకాలిక దురద మార్కెట్ భవిష్యత్తు ఎంతో ఆశాజనకంగా ఉందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఈ సంగతి మా ఆయన ఒక ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ, కంపెనీ నివేదికలోంచి పైకి చదివి వినిపించారు. రాబోయే సంవత్సరాల్లో మరింతమంది, మరిన్ని చోట్ల, మరింత కాలం గోక్కుంటారట. ఇంత మంచి వార్త తమ శాఖకు వచ్చి చాలాకాలమైందని చెబుతుంటే ఆయన కళ్లు చెమర్చాయి. పక్క కుర్చీలో మా అత్తగారు మెడ వెనక గోక్కుంటూ, "మంచిదే నాయనా, నలుగురూ చల్లగా ఉండాలి" అన్నారు.

మా ఆయన దురద మందులు తయారుచేసే కంపెనీలో మార్కెట్ విస్తరణ విభాగానికి ఉప అధిపతి. అధిపతి కుర్చీ ఖాళీగా ఉంది. అది కిటికీ పక్కన ఉంటుందనీ, దానికి తోలు గద్దె ఉందనీ, అటూ ఇటూ తిరుగుతుందనీ ఇంటిల్లిపాదికీ తెలుసు. మా ఇంట్లో ఆ కుర్చీని చూసినవాళ్లు ఆయనొక్కరే అయినా, దాని మీద కూర్చున్నట్టు కలలు మాత్రం అందరికీ వస్తుంటాయి.

ఈ రంగం గురించి తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. దోమ కుట్టినప్పుడు గోక్కుని మరిచిపోతామే, ఆ దురదను ఇక్కడ ఎవరూ లెక్కచేయరు. ఆరు వారాలు దాటి నిలబడ్డ దురదకే దీర్ఘకాలికమన్న హోదా వస్తుంది. ఐదో వారంలో చల్లారిపోయేది వట్టి నిలకడలేని దురద. మందుకు కూడా ఇలాంటి క్రమశిక్షణే ఉంది. బొత్తిగా పనిచేయని మందును జనం కొనరు. పూర్తిగా పనిచేసే మందును రెండోసారి కొనరు. అందుచేత పొద్దున్న రాస్తే మధ్యాహ్నం భోజనం దాకా హాయిగా ఉండి, చేతులు కడుక్కునే వేళకు మళ్లీ గుర్తుకొచ్చే క్రీమును కంపెనీ శాస్త్రవేత్తలు రాత్రింబవళ్లు శ్రమించి తయారుచేశారు. పొరపాటున నయమైపోయినవాళ్లను ఆఫీసులో "జారిపోయిన ఖాతాదారులు" అంటారు. సమావేశాల్లో వాళ్ల ప్రస్తావన వచ్చినప్పుడు అందరూ లేచి నిలబడి తల వంచుకుంటారట.

ఇంతటి మహత్తరమైన రంగంలోకి మా అత్తగారు అడుగుపెట్టడానికి కారణం ఒక స్వెట్టరు.

కంపెనీ వార్షికోత్సవం సందర్భంగా ఛైర్మన్ గారు ఉద్యోగుల తల్లులందరికీ తలా ఒక స్వెట్టరు బహూకరించారు. ముదురు నీలం రంగు, మెడ దాకా బొత్తాలు, గుండె మీద కంపెనీ చిహ్నం, కాలరు లోపల లేబుల్ మీద కంపెనీ నినాదం: "మీ దురద – మా బాధ్యత." తండ్రులకు గోడ గడియారాలు ఇచ్చారు. అవి నడవలేదు గానీ, ఎవరికీ హాని చేయలేదు.

మా ఆయన ఆ స్వెట్టరును స్వయంగా తెచ్చి వాళ్లమ్మ చేతిలో పెట్టారు. ఉద్యోగంలో చేరిన తర్వాత ఆయన తన చేత్తో ఆవిడకు తెచ్చి ఇచ్చిన మొదటి వస్తువు అదే. ఆవిడ దాన్ని ఆ క్షణమే వేసుకున్నారు. ఆ తర్వాత చలి ఉందా లేదా అన్నది ఎప్పుడూ ఆలోచించలేదు. పక్కింటావిడ వస్తే బొత్తాలన్నీ పెట్టుకుని మరీ తలుపు తీసేవారు. ఉతుకుతాను ఇవ్వండి అంటే, "ఇంకా మాయలేదులే అమ్మాయ్. ఉతికితే కొత్తదనం పోతుంది" అనేవారు.

కొన్నాళ్లకు ఆవిడ మెడ వెనక గోక్కోవడం మొదలైంది.

అంతకుముందు తల్లీకొడుకుల సంభాషణ ఎలా ఉండేదో చెప్పాలి. మా ఆయన గుమ్మం దగ్గర వంగి బూట్ల లేసులు కట్టుకుంటూ, "ఎలా ఉన్నావమ్మా?" అనేవారు. ఆవిడ జవాబు కోసం గొంతు సవరించుకునేసరికి లిఫ్టు వచ్చేది. ఆవిడ ఆ జవాబును లోపలికి తీసుకువెళ్లి, వంటింట్లో నాకు చెప్పేవారు. గోక్కోవడం మొదలైన ఆ రోజు మాత్రం ఆవిడ గొంతు సవరించుకోలేదు. "మెడ దురదగా ఉందిరా" అన్నారు, అంతే. మా ఆయన అప్పటికి ఒక బూటు తొడుక్కుని ఉన్నారు. దాన్ని విప్పేశారు. లిఫ్టు వచ్చి, తలుపులు తెరుచుకుని, మూసుకుని వెళ్లిపోయింది. ఆయన స్టూలు లాక్కుని తల్లి కుర్చీ పక్కన కూర్చున్నారు.

"ఎక్కడమ్మా? ఎప్పట్నించి? పాకుతున్నట్టుందా, పొడుస్తున్నట్టుందా?"

"పొడుస్తున్నట్టే ఉందిరా. నువ్వు చిన్నప్పుడు గడ్డివాములో దొర్లి వచ్చి ఏడ్చేవాడివి చూడు, అచ్చం అలాగ."

"గడ్డి సంగతి వద్దమ్మా. మధ్యాహ్నం ఎక్కువా, సాయంత్రం ఎక్కువా?"

ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే ఇది నియమంగా జరిగింది. ఆవిడ ముందే లేచి, తల దువ్వుకుని, స్వెట్టరు బొత్తాలు పెట్టుకుని సిద్ధంగా ఉండేవారు. స్టూలు తనే లాగి పక్కన పెట్టుకునేవారు. మెడతో మొదలుపెట్టి మోకాలి నొప్పి, రాత్రి వచ్చిన కల, ఎప్పుడో పోయిన తన పెదనాన్నగారి పిసినారితనం, అన్నీ చెప్పేవారు. మా ఆయన ఓపిగ్గా విని, వాటిలోంచి దురదకు సంబంధించినవి మాత్రం ఏరుకునేవారు. ఆరు వారాలు నిండిన రోజున కేకు తెచ్చారు. "మా అమ్మది దీర్ఘకాలికం!" అని ఫోనులో ఎవరితోనో చెబుతుంటే, కొడుక్కి మొదటి ర్యాంకు వచ్చిన తండ్రి గొంతులా వినిపించింది.

ఆఫీసులో విచారిస్తే మిగతా ఉద్యోగుల ఇళ్లలోనూ ఇదే శుభవార్త. గుమస్తాగారి అమ్మకూ దురదే, డ్రైవరు అమ్మకూ దురదే. తండ్రులందరూ సుఖంగా ఉన్నారు. వెంటనే "మన ఇంటి నుంచి ప్రపంచానికి" అన్న పేరుతో ఒక సర్వే జరిగింది. తల్లులందరికీ దురద ఉందనీ, తండ్రులెవ్వరికీ లేదనీ, కాబట్టి దురదకూ మాతృత్వానికీ విడదీయరాని సంబంధం ఉందనీ నిపుణులు తేల్చారు. ఛైర్మన్ గారు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, "ప్రపంచంలో తల్లులు ఎంతమంది ఉంటారు?" అని అడిగారట. ఆ ప్రశ్నకు దొరికిన జవాబే నేను మొదట చెప్పిన నివేదిక.

ఆ నివేదిక చూసి బయటి దేశాల పెట్టుబడిదారులు కదిలారు. వాళ్లు వచ్చేసరికి వేదిక మీద ఒక ఆదర్శ రోగి కావాలి. చాలామంది తల్లుల వీడియోలు పరిశీలించారు. ఒకావిడ దువ్వెనతో గోక్కుంటున్నారు, అది చూడ్డానికి బాగుండదు. ఇంకొకావిడ గోక్కుంటూ కంపెనీని తిడుతున్నారు. మా అత్తగారు మాత్రం రెండు వేళ్లతో, కళ్లు అరమోడ్చి, ఎదుటివాళ్ల మాటకు అడ్డురాకుండా గోక్కుంటారు. "ఈ తల్లి గోకడంలో ఒక హుందాతనం ఉంది" అని ఛైర్మన్ గారు మెచ్చుకున్నారు. అమ్మ వేదిక మీద ఒక్కసారి అలా గోక్కుంటే కిటికీ పక్క కుర్చీ తనదేనని మా ఆయన ఇంటికొచ్చి చెప్పారు.

కంపెనీ చర్మవైద్యుడు మా ఇంటికే వచ్చి పరీక్ష చేశారు. టార్చిలైటు, భూతద్దం, కెమెరా తెచ్చుకున్నారు. అత్తగారు స్వెట్టరు బొత్తాలు విప్పబోతే, "ఉంచండమ్మా, ఉంచండి. ఫోటోలో చిహ్నం పడాలి" అన్నారు. కాలరును ఒక వేలితో పక్కకు లాగి, భూతద్దంలోంచి చాలాసేపు చూసి, లేచి నిలబడి ప్రకటించారు.

"మాతృసంబంధ పశ్చాద్గ్రీవ దీర్ఘకాలిక కండూతి."

"పెద్ద జబ్బేనా డాక్టరుగారూ?" అన్నారు అత్తగారు.

"చిన్నదానికి ఇంత పేరు పెడతామా అమ్మా!"

ఆవిడ ఆ పేరును మధ్యాహ్నమంతా కంఠస్థం చేసి, సాయంత్రం చెల్లెలికి ఫోను చేసి అప్పజెప్పారు. చెల్లెలికి ఉన్నది వట్టి షుగరు.

సమావేశం దగ్గరపడుతుండగా ఒక పొరపాటు జరిగిపోయింది. అత్తగారి చేతిలోంచి కాఫీ కప్పు జారి స్వెట్టరంతా ఒలికింది. ఇక తప్పక విప్పి ఇచ్చారు. సబ్బు నీళ్లలో నానబెట్టి, కాలరు రుద్దుతుంటే నా వేళ్లకు ఏదో చురుక్కున తగిలింది. తిప్పి చూశాను. లేబుల్. నినాదం చిరకాలం నిలవాలని కాబోలు, అక్షరాలను ప్లాస్టిక్ దారంతో కుట్టించారు. కొసలు కత్తిరించకుండా వదిలేశారు. ముఖ్యంగా "బాధ్యత" అన్న చోట ముళ్లకంపలా ఉంది. నేను దారాల డబ్బాలోంచి చిన్న కత్తెర తీసి, నాలుగు పక్కలా కుట్లు తెంపి, లేబుల్‌ను డబ్బాలో పడేశాను. స్వెట్టరు ఆరేశాను. ఆ తర్వాత కూర తరగాల్సి ఉంది, తరుక్కున్నాను.

మూడో రోజు పొద్దున్న మా ఆయన స్టూలు మీద కూర్చున్నారు.

"ఎలా ఉందమ్మా ఇవాళ?"

"ఏమోరా, తెలియట్లేదు."

"సరిగ్గా చూసి చెప్పు. పొడుస్తున్నట్టు?"

"లేదు."

"పోనీ పాకుతున్నట్టు?"

"లేదురా. నిన్నట్నించీ హాయిగా ఉంది."

ఆ "హాయి" అన్న మాటకు మా ఆయన ముఖం పాలిపోయింది. వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరగా వేశారు.

"ఏం చేశావ్ అమ్మని?"

"అత్తయ్యని ఏమీ చేయలేదండీ. స్వెట్టరు ఉతికాను. లేబుల్ గుచ్చుకుంటోంది, కత్తిరించాను."

ఆయనకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. గుమస్తాగారి అమ్మ, డ్రైవరు అమ్మ, గోడ గడియారాల తండ్రులు, అందరూ ఆయన కళ్ల ముందు ఒక్కొక్కరే నడిచి వెళ్లినట్టున్నారు.

"నువ్వు కత్తిరించింది ఏంటో తెలుసా? ప్రపంచ మార్కెట్!"

"ప్రపంచ మార్కెట్ దారాల డబ్బాలో ఉంది లెండి. పారేయలేదు."

"అయితే కుట్టెయ్. సమావేశం అయ్యేదాకానే. ఆ తర్వాత నువ్వే పీకేద్దువుగాని."

"ఆవిడ మెడ కందిపోయిందండీ. చూశారా?"

"రోజూ చూస్తూనే ఉన్నాగా!"

"మీరు చూస్తున్నది మెడని కాదు. దురదని."

ఆయన బూట్లు తొడుక్కుని వెళ్లిపోయారు. లేసులు కూడా లిఫ్టులోనే కట్టుకున్నారు. నేను వెనక్కి తిరిగేసరికి అత్తగారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. అన్నీ విన్నట్టే ఉంది.

"కుట్టేయమ్మాయ్" అన్నారు.

"గుచ్చుకుంటుంది కదా అత్తయ్యా."

"గుచ్చుకుంటే గుచ్చుకుందిలే. వాడు బూట్లు విప్పి కూర్చునేది ఇది గుచ్చుకోబట్టేగా." ఆవిడ స్టూలును గోడవారకు జరిపారు. మళ్లీ ఏమనుకున్నారో, కుర్చీ పక్కకే తెచ్చి పెట్టారు.

ఇద్దరూ అంతగా చెప్పాక కాదనడం భావ్యం కాదు. కుట్టాను. అయితే కంపెనీ నినాదం కాలరు లోపల ఎవరికీ కనబడకుండా పడి ఉండటం మర్యాదగా అనిపించలేదు. అందుకని బయటివైపు కుట్టాను. మా ఆయన దూరం నుంచి లేబుల్ ఉందని చూసి తృప్తిపడ్డారు, ఎటువైపు ఉందో చూడలేదు. మర్నాడు పొద్దున్న స్టూలు మీద కూర్చుని, "మళ్లీ వచ్చిందా అమ్మా?" అని అడిగారు. అత్తగారు నా వైపు ఓసారి చూశారు.

"వచ్చింది నాయనా. ముందుకన్నా ఎక్కువే" అని, రెండు వేళ్లతో హుందాగా గోక్కున్నారు.

సమావేశం రోజు వచ్చింది. అత్తగారి వెంట నేనూ వెళ్లాను. హాలు నిండా టైలు కట్టుకున్న పెట్టుబడిదారులు. వేదిక మీద పూలకుండీలు, వాటి మధ్య మా అత్తగారు. ఛైర్మన్ గారు మైకు అందుకున్నారు.

"మిత్రులారా! మనిషి నిప్పును కనుక్కున్నాడు. చక్రాన్ని కనుక్కున్నాడు. కానీ ఆ రెండింటికన్నా ముందే గోక్కున్నాడు! రాజు గోక్కున్నాడు, కూలివాడు గోక్కున్నాడు. కులం, మతం, దేశం అన్న తేడా లేకుండా మానవులందరినీ కలిపే సూత్రం ఏది? ప్రేమా? కాదు మిత్రులారా. వీపులో మన చెయ్యి అందని ఆ ఒక్క చోటు!"

అలా ఆయన దురద పుట్టే చోట్లను ఒక్కొక్కటే వర్ణిస్తూ పోయారు. చెవి వెనక, మోచేతి మడతలో, కాలివేళ్ల సందుల్లో. కాసేపటికి హాలులో ఒక విచిత్రం మొదలైంది. ముందు వరుసలో ఒకాయన టై వదులు చేసుకుని మెడ గోక్కున్నారు. ఆయన్ని చూసి పక్కాయన. తర్వాత వరుసకు వరుస. అనువాదకురాలు ఒక చేత్తో మైకు పట్టుకుని రెండో చేత్తో మోచేయి గోక్కుంటున్నారు. హాలు మొత్తానికి ఒళ్లో చేతులు పెట్టుకుని నిమ్మళంగా కూర్చున్నది ఆదర్శ రోగి ఒక్కరే.

తెర పక్కన నిలబడ్డ మా ఆయన ఆవిడకు సైగలు చేస్తున్నారు. తన మెడ చూపిస్తున్నారు, వేళ్లు ఆడిస్తున్నారు. కొడుకు చెయ్యి ఊపుతున్నాడనుకుని ఆవిడా చెయ్యి ఊపారు.

"ఇదిగో, ప్రపంచ మార్కెట్‌కు కేంద్రబిందువు!" అంటూ ఛైర్మన్ గారు ఆవిడ మెడను సభకు చూపించడానికి వెనక్కి వెళ్లి, ఆగిపోయారు. "ఈ లేబుల్ బయట ఉందేమిటమ్మా?"

మైకు ఆవిడ నోటి దగ్గరే ఉంది. ఇంట్లో ఆడే అబద్ధం వేరు. ఇంతమంది పెద్దమనుషుల ముందు, మైకులో అబద్ధం ఆడటం ఆవిడకు అలవాటు లేదు.

"లోపలే ఉండేది బాబూ. గుచ్చుకుంటోందని మా కోడలు తీసి బయటికి కుట్టింది. ఇప్పుడు నాకేం దురద లేదు. సుఖంగా ఉన్నాను. మీరిచ్చిన స్వెట్టరు మాత్రం చాలా బాగుంది."

హాలులో గోకుడు ఆగిపోయింది. మా ఆయన తెరను గట్టిగా పట్టుకున్నారు, కుర్చీ అనుకుని కాబోలు. పెట్టుబడిదారుల్లో అందరికన్నా పెద్దాయన నెమ్మదిగా లేచారు.

"అంటే, ఈ లేబుల్ లోపల ఉంటే ఎవరికైనా దురద వస్తుందా?"

"వస్తుందండీ" అన్నారు ఛైర్మన్ గారు, తల దించుకుని.

"తీసేస్తే?"

"తగ్గిపోతుందండీ."

"అలాంటప్పుడు దురద మార్కెట్ ఎంత ఉందని అంచనాలు వేసుకుంటూ కూర్చోవడం దేనికయ్యా? మనకి ఎంత కావాలో అంత కుట్టించుకోవచ్చుగా!"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఛైర్మన్ గారు తల ఎత్తారు. అప్పటికప్పుడు తట్టిన ఆలోచన కాదనీ, మొదటి నుంచీ కంపెనీ దూరదృష్టి అదేననీ వివరించారు. లేబుల్‌ను కనుగొన్న ఘనత మార్కెట్ విస్తరణ విభాగానిదని మా ఆయన్ని వేదిక మీదికి పిలిచారు. కత్తెర సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత జరిగిన అభివృద్ధి అందరికీ తెలిసిందే. కంపెనీ స్వెట్టర్ల ఫ్యాక్టరీలు పెట్టింది. వృద్ధాశ్రమాలకు, బడులకు, ఆసుపత్రులకు స్వెట్టర్లు ఉచితంగా పంచింది. చలిలో వణికే వారిని ఆదుకున్నందుకు ఛైర్మన్ గారికి మానవతా పురస్కారం వచ్చింది. స్వీకరిస్తూ ఆయన మెడ గోక్కోలేదు, ఆయన స్వెట్టరు వేసుకోరు. వేడి దేశాల కోసం పల్చటి బనియన్లు, పసిపిల్లల కోసం బొమ్మల లేబుళ్లు వచ్చాయి. ప్రతి స్వెట్టరు లోపలా "లేబుల్ తొలగించినచో కంపెనీ హామీ వర్తించదు" అని సన్న అక్షరాల్లో ఉంటుంది. హామీ దేనికన్నది అందులో లేదు. జనంలో దురద ఎందుకు పెరుగుతోందని పత్రికలు చర్చలు పెట్టాయి. నేటి తరంలో ఓర్పు తగ్గడమే కారణమని విశ్రాంత ఆచార్యులు ఒకరు తేల్చారు. స్వెట్టరు లేనివాళ్లకు దురద లేదని ఒక పరిశోధకురాలు రుజువు చేస్తే, ఆమెను ఘనంగా అభినందించి, అలాంటి నిర్భాగ్యుల జాబితా ఇమ్మని, వాళ్లందరికీ స్వెట్టర్లు పంపించారు.

మా ఆయనకు కుర్చీ వచ్చింది. తోలుదే. తిరుగుతుంది కూడా. పెద్ద కుర్చీ కాబట్టి పెందలాడే వెళ్లాలి. దురద ఇప్పుడు ఫ్యాక్టరీలో నిర్ణీత ప్రమాణాలతో తయారవుతోంది కనుక, ఇళ్లలో విచారించి సేకరించే పాత పద్ధతికి స్వస్తి చెప్పారు. గుమ్మం దగ్గర వంగి లేసులు కట్టుకుంటూ, "ఎలా ఉన్నావమ్మా?" అంటారు. లిఫ్టు ఈమధ్య బాగుచేయించారు, ఇంకా తొందరగా వస్తోంది.

అత్తగారు మాత్రం ఇంకా పెందలాడే లేచి తల దువ్వుకుంటారు. స్టూలు కుర్చీ పక్కనే ఉంటుంది. దాని మీద పాత పేపర్లు పెట్టబోతే, "అక్కడొద్దులే అమ్మాయ్" అన్నారు.

మొన్న నాకు దారాల డబ్బా కనబడలేదు. వెతుక్కుంటూ ఆవిడ గదిలోకి వెళ్లాను. కిటికీ వెలుతురులో మంచం మీద కూర్చుని, ఒళ్లో స్వెట్టరు పెట్టుకుని, సూదిని కళ్లకు దగ్గరగా పట్టుకుని ఉన్నారు. లేబుల్‌ను బయటి నుంచి ఊడదీసి, కాలరు లోపల పెట్టుకున్నారు.

"ఏంటత్తయ్యా ఇది?"

"బయటుంటే అక్షరాలు మాసిపోతున్నాయమ్మాయ్" అన్నారు, తల ఎత్తకుండా.

ఆవిడకు సూదిలోకి దారం ఎక్కడం లేదు. చాలాసేపటి నుంచి తంటాలు పడుతున్నట్టున్నారు, దారం కొస తడిసి చీలిపోయి ఉంది. నేను తీసుకుని, కొస కత్తిరించి, ఎక్కించి ఇచ్చాను.

ఆ మర్నాటి పొద్దున్న ఆవిడ కుర్చీలో కూర్చుని, గుమ్మం వైపు తిరిగి, "మెడ మళ్లీ దురదగా ఉందిరా" అన్నారు.

మా ఆయన రెండో లేసు ముడి వేస్తున్నారు. "అలమారలో క్రీము ఉంది కదమ్మా. మన కంపెనీదే" అన్నారు. లిఫ్టు వచ్చింది.

ఇంతవరకూ చదివినవారిలో చాలామంది ఈపాటికి ఎక్కడో ఒకచోట గోక్కునే ఉంటారు. మొహమాటపడనక్కర్లేదు, కంపెనీ కొత్త నివేదికలో మిమ్మల్ని కూడా కలుపుకుంది. ఒక్కటే మనవి. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా గుమ్మం వైపు చూస్తూ మెడ గోక్కుంటుంటే, క్రీము కొనేముందు ఒకసారి కాలరు తిప్పి చూడండి. లేబుల్ కనబడితే తొందరపడి కత్తెర అందుకోకండి. ఆ కుట్లు ఫ్యాక్టరీలో వేసినవా, వణికే చేత్తో వేసుకున్నవా, ముందు అది చూడండి.